తిథి తెలియని మనిషి

మాధురి సూట్‌కేసు మంచం మీద తెరిచి ఉంది. నేను ఒకటి పెడితే ఆమె ఒకటి తీస్తోంది. పుట్నాల పొడి ఉంచింది. మామిడికాయ తొక్కు సీసా తీసి అల్మారా మీద పెట్టింది. ఉన్ని శాలువా రెండుసార్లు పెట్టాను, రెండుసార్లూ తీసింది.

"అత్తమ్మ, నేను పోయేది తొమ్మిది దినాలకు. మీరు తొమ్మిది నెలలకు సదురుతున్నరు."

"ఆడ చలి ఉంటది బిడ్డా. నేను బుక్కుల చదివిన."

"ఆ బుక్కు ఓడల పోయినాయన రాసింది. ఆయన ఓడ దిగినప్పటికి మామయ్య పుట్టిండో లేదో."

గుమ్మం దగ్గర పేపరు చదువుతున్న మా ఆయన తల ఎత్తకుండానే, "పుట్టిన. చెడ్డీ ఏసుకున్ననో లేదో యాదికి లేదు," అన్నాడు.

మాధురి నవ్వింది. నేను నవ్వలేదు. మూడోసారి శాలువా పెట్టాను. ఈసారి ఆమె తీయలేదు. దాని మడతల్లో నేను దాచిన కాగితం కూడా చూసింది. విప్పి చదివి, మళ్ళీ మడిచి, సూట్‌కేసులో కాకుండా తన చేతిసంచి లోపలి అరలో పెట్టి జిప్పు లాగింది. అది చూశాకే నా గుండె కొంచెం కుదురుకుంది.

ఆ కాగితంలో ఒక మనిషి పేరు, ఒక ఊరి పేరు ఉన్నాయి. మొగిలయ్య, సైసు, బొల్లారం. ఊరు ఓబ్రికూర్, పరాసు దేశం, అంటే ఫ్రాన్సు. కింద తెలుగులో నేనే రాశాను: తారీఖు చూసి రావాలి.

మాధురి నా కోడలు. నారాయణగూడలో ఒక బడిలో లెక్కలు చెబుతుంది. ఆ సంవత్సరం, అంటే 2014 సెప్టెంబరులో, వాళ్ళ బడి టీచర్లు పదకొండు మంది కలిసి యూరప్ టూరు పెట్టుకున్నారు. తొమ్మిది రోజుల్లో మూడు దేశాలు. పారిస్‌లో మూడు రోజులు. ఆ మూడింటిలో ఒక రోజు ఎవరికి నచ్చినట్టు వాళ్ళు తిరగవచ్చు. ఆ ఒక్క రోజునే నేను అడిగాను. అందరూ బజార్లు తిరిగే రోజున నా కోడలు రెండు గంటలు రైలెక్కి, ఎవరూ వినని ఒక పల్లెకు పోయి, అక్కడి శ్మశానంలో మా తాత రాయి వెతకాలి.

అడిగానే గాని ఆ రోజు నుంచి నాకు నిద్ర లేదు. రైలు తప్పితే, దారి తప్పితే, ఆ పల్లెలో ఎవరూ ఇంగ్లీషు మాట్లాడకపోతే. మా పుట్టింటి వైపు ఊరు దాటిన మనుషులు తిరిగి వచ్చింది తక్కువ. తాత యుద్ధానికి పోయాడు. మా నాయన బొంబాయి మిల్లులో పనికని పోయాడు, చావు కబురే వచ్చింది. అమ్మ జట్కా ఎక్కి ఆస్పత్రికి పోయింది. అప్పుడు నాకు మూడేళ్ళు. జట్కా తిరిగి వచ్చింది, అమ్మ రాలేదు. అందుకే ఎవరైనా సంచీ సర్దుతుంటే నేను పక్కన ఊరికే కూర్చోలేను. ఏదో ఒకటి పెడుతూ ఉంటాను.

నన్ను పెంచింది మా అమ్మమ్మ కురుమమ్మ. బొల్లారంలో తెల్లదొరల గుర్రపు పటాలం ఉండేది. మా తాత మొగిలయ్య అందులో సైసు. గుర్రాలకు మేత వేసి, నీళ్ళు పెట్టి, మాలిష్ చేసే పని. 1914లో జర్మనీ యుద్ధం మొదలైనప్పుడు పటాలంతోపాటు గుర్రాలు పోయాయి, గుర్రాలతోపాటు సైసులు పోయారు. అప్పటికి అమ్మమ్మకు పదిహేడేళ్ళు, కడుపుతో ఉంది. తాత వెళ్ళిన దేశం పేరు పరాసు దేశమని ఆమెకు చెప్పారు.

పోయినవాడి నుంచి ఉత్తరాలు వచ్చాయి. అమ్మమ్మ మామగారు, అంటే తాత తండ్రి ఎల్లేశం, వాటిని తీసుకువచ్చేవాడు. వాడకట్టులో ఉర్దూ, తెలుగు చదివే మున్షీ ఒకాయన ఉండేవాడు. ఆయన మా అరుగు మీద కూర్చుని చదివేవాడు, అమ్మమ్మ తలుపు వెనుక నిలబడి వినేది. అన్నీ ఆమెకు నోటికి వచ్చు. నన్ను పక్కన పడుకోబెట్టుకుని కథలా చెప్పేది. మేమిక్కడ క్షేమం. ఊరి బయట పెద్ద చింతచెట్టు ఉంది, దాని నీడన గుర్రాలను కట్టేస్తున్నాం. ఊరి దొరసాని రోజూ చెంబెడు పాలు పంపిస్తుంది. ఈ యేడు చెరువు అలుగు పోసింది. బిడ్డను ఎండలో తిప్పకు. 1918 దాకా అలాంటివి ఎనిమిదో తొమ్మిదో వచ్చాయి. యుద్ధం అయిపోయింది. పటాలం తిరిగి వచ్చింది. తాత రాలేదు. వచ్చే ఓడలో వస్తాడని ఎల్లేశం చెప్పాడు. తరువాత ఎల్లేశమూ పోయాడు.

అమ్మమ్మ బొట్టు తీయలేదు. మట్టెలు తీయలేదు. పెత్తరమాస, అంటే పితృ అమావాస్య నాడు అందరిళ్ళలో చనిపోయిన పెద్దల పేరు మీద అయ్యగారికి బియ్యం ఇస్తారు కదా, మా ఇంట్లో తాత పేరు ఎత్తనిచ్చేది కాదు. బతికున్న మనిషి పేరు మీద బియ్యం ఇస్తే ఆ మనిషిని చంపినట్టే అనేది. 1966లో ఆమె పోయేముందు, నా చెయ్యి పట్టుకుని ఒక మాట తీసుకుంది.

"ఆయన ఏ దినం పోయిండో తారీఖు తెలిస్తెనే బియ్యం ఇయ్యి. తెల్వకుంటె ఇయ్యకు. అంతాజాకు ఆయనను సంపకు."

ఆమె బొట్టుతోనే పోయింది గనుక పితృపక్షంలో వచ్చే నవమి నాడు ఒక ముత్తైదువను పిలిచి, ఆమె పేరు మీద పసుపు, కుంకుమ, గాజులు, రవికె గుడ్డ ఇస్తూ వచ్చాను. భర్త కంటే ముందు పోయిన ఆడవాళ్ళకే ఆ నవమి. తాతకు మాత్రం నవమీ లేదు, అమావాస్యా లేదు. ఇప్పుడు నాకు డెబ్భై నాలుగేళ్ళు. నేను పోతే ఈ భూమి మీద ఆయన పేరు తలిచేవాళ్ళు ఉండరు. నాకు కావలసింది ఒక్క తారీఖు.

చదువు నాకు బడిలో రాలేదు. కిషన్ రావును పెళ్ళి చేసుకుని చిక్కడపల్లి వచ్చాక, మా శ్రావణ్ ఒకటో తరగతి వాచకం వాడితోపాటు చదివి నేర్చుకున్నాను. ముందు దుకాణం పొట్లాల కాగితాలు, తరువాత పేపరు, తరువాత మా సందుకు నాలుగు అడుగుల దూరంలో ఉన్న సిటీ సెంట్రల్ లైబ్రరీ. మెట్లెక్కి మొదటిసారి అడిగిన మాట, పరాసు దేశం గురించి పుస్తకాలు ఉన్నాయా అని.

ఉన్నాయి. రాజుల చరిత్ర చదివాను. తిండి దొరక్క ఆడవాళ్ళు గుంపుగా రాజు కోట మీదికి నడిచిపోయిన సంగతి చదివాను. రాణి తల తీసిన రోజు చదివి అన్నం తినలేకపోయాను. సిపాయి స్థాయి నుంచి చక్రవర్తి అయినవాడి యుద్ధాలు చదివాను. వాళ్ళ వంటలు, వాళ్ళ సారా, నెలల తరబడి బూజు పట్టనిచ్చి తినే పాలగడ్డలు, పెళ్ళిళ్ళు, చర్చి గంటలు. ఓడ మీద మార్సేల్స్ రేవులో దిగిన తెలుగాయన యాత్ర నాలుగుసార్లు చదివాను. ప్రతి పుస్తకంలోనూ గుర్రాల కోసం చూశాను. గుర్రాలు ఉన్నాయి. వాటిని కడిగే నల్లవాళ్ళు లేరు. చింతచెట్టు కోసం చూశాను. బీట్‌రూట్ పొలాలు, ఆపిల్ తోటలు, బురద ఉన్నాయి. చింతచెట్టు లేదు.

లైబ్రరీలో పుస్తకాలు ఇచ్చే స్నేహలతను అడిగాను.

"చలిదేశంల చింతచెట్టు ఎక్కడిదమ్మా?" అంది.

"మా తాత ఉత్తరంల రాసిండు."

"వేరే చెట్టును చూసి చింతచెట్టు అనుకున్నడేమో."

"గుర్రాలకు మేత కోసుకొచ్చే మనిషికి చెట్టు తెల్వదా?"

స్నేహలత మాట మార్చింది. ఆ పిల్ల మంచిది. మేము ఎక్కడ ఆపామో గుర్తు పెట్టుకునేది. 2010లో, తెలంగాణ బందులతో వారానికి రెండు రోజులు లైబ్రరీ మూతపడుతున్న కాలంలో, ఒక పొద్దున నన్ను చూడగానే లోపలికి పిలిచింది. వరండా నిండా అశోక్‌నగర్ హాస్టళ్ళ పిల్లలు గ్రూప్ టూ పుస్తకాలు ముందేసుకుని కూర్చున్నారు. వాళ్ళను దాటుకుంటూ వెళ్ళాను. ఎవరో దానంగా ఇచ్చిన ఇంగ్లీషు పుస్తకం, ఉత్తర ఫ్రాన్సు పల్లెల బొమ్మలతో ఉంది. ఒక పేజీలో చిన్న శ్మశానం ఫోటో. గోడ పక్కన వరుసగా తెల్లరాళ్ళు. కింది అక్షరాలు స్నేహలత తెలుగులో చెప్పింది: ఓబ్రికూర్ ఊళ్ళో, మొదటి యుద్ధం నాటి హిందూస్తాన్ గుర్రపు పటాలం సైసుల సమాధులు.

నలభై ఏళ్ళ చదువులో సైసు అన్న మాట అచ్చులో నాకు అదే మొదలు. స్నేహలత నన్ను కుర్చీలో కూర్చోబెట్టి మంచినీళ్ళు ఇచ్చింది.

ఆ ఊరి సర్పంచికి స్నేహలత చేత ఇంగ్లీషులో ఉత్తరం రాయించాను. మొగిలయ్య అనే మనిషి రాయి మీ ఊళ్ళో ఉందా, ఉంటే దాని మీద ఏ తారీఖు ఉంది, దయచేసి తెలపండి. ఏడాదిన్నర గడిచింది. పోస్టుమాన్ సైకిల్ గంట వినబడితే నేను చేసే పని ఆపేసేదాన్ని.

2012 వానాకాలంలో జవాబు వచ్చింది. ఆ పూట నేను కూరగాయలకు నారాయణగూడ చౌరస్తాకు పోయాను. తిరిగి వచ్చేసరికి మా ఆయన పెరట్లో నల్లా కింద తలారా స్నానం చేస్తున్నాడు. అప్పటికి పొద్దున ఒకసారి స్నానం అయిపోయింది.

"ఎవరు పోయిండ్రు?" అన్నాను. చేతిలో సంచీ కింద పెట్టలేదు.

"పరేషాన్ గాకు. మనోళ్ళు ఎవ్వరు గాదు. మీ తాత కబురొచ్చింది. పోయిండంట."

"నూరేండ్ల కిందటి మనిషి పోయిండని నాకు తెల్వదా? కాయితమేది?"

ఆయన తుండుతో తల తుడుచుకుంటూ మోరీ వైపు చూశాడు. చావు కబురు తెచ్చిన కాగితం ఇంట్లోకి రాకూడదు. గుమ్మం అవతలే చదివి, చింపి పారేసి, నెత్తిన నీళ్ళు పోసుకోవాలి. మా అత్తగారింట్లో, పుట్టింట్లో, వాడకట్టు అంతటా అదే పద్ధతి. ఆయన డెబ్భై ఏళ్ళుగా చేసిన పనే చేశాడు.

"ఏ తారీఖు ఉండె?"

"చదివిన... జర ఆగు... నెల ముందు రాసిండ్రా, దినం ముందు రాసిండ్రా..."

"తారీఖు."

"పద్మా, డైడ్ అని కనవడంగనే చేతులే చింపినయి. నేను చింపలే."

మోరీలో వాన నీళ్ళు పారుతున్నాయి. నేను మోకాళ్ళ మీద కూర్చుని కర్రతో దేవాను. ఒక్క ముక్క దొరికింది. దాని మీద సగం స్టాంపు, ఒక పక్షి తోక ఉంది. ఎదురింటి కమల మేడ మీద నుంచి, "ఉంగరం పడ్డదా పెద్దమ్మా?" అని అడిగింది. అవునన్నాను.

ఆయనతో పద్దెనిమిది రోజులు మాట్లాడలేదు. ఆయనే రోజూ లైబ్రరీకి పోయి స్నేహలతను బతిమాలి మరో రెండు ఉత్తరాలు రాయించాడు. వాటికి జవాబు రాలేదు. మాధురి కంప్యూటర్‌లో వెతికింది. సిపాయిల పేర్లు వేలకు వేలు వచ్చాయి, మా తాత పేరు రాలేదు. ఎవరో ఒకరు పోయి కళ్ళతో చూస్తే తప్ప తెలిసే దారి లేదు.

మాధురి పోయిన పొద్దున నేను ఇల్లు ఊడ్వనివ్వలేదు. మనిషి ఊరు చేరిన కబురు అందేదాకా చీపురు పట్టకూడదు. ఆమె దిగేసరికి రాత్రి అవుతుందని, మర్నాటి పొద్దుటిదాకా ఇల్లు అలాగే ఉంటుందని శ్రావణ్ గొణిగాడు. ఉండనీ అన్నాను. మా ఆయన తన కుర్చీ కింద పడిన కాగితపు ముక్కలను చేత్తో ఏరి జేబులో వేసుకున్నాడు.

శుక్రవారం నాడు ఆమె రైలెక్కుతుంది. అక్కడ పొద్దు మనకంటే మూడున్నర గంటలు వెనుక. మధ్యాహ్నం నుంచి శ్రావణ్ ఫోను మా ముందు బల్ల మీదే ఉంది. వాడు దాని కోసం ఆఫీసుకు సెలవు పెట్టాడు. నేను రైలు పట్టాలు తప్పడం గురించి ఆలోచించాను. కుక్క కరవడం గురించి ఆలోచించాను. ఎవరో చేతిసంచి లాక్కుపోవడం గురించి ఆలోచించాను. తెలియని మనిషి పేరు కోసం తెలిసిన పిల్లను పంపానే అని నన్ను నేనే తిట్టుకున్నాను.

నాలుగున్నరకు ఫోను మోగింది.

"అత్తమ్మ, దిగిన. నాతోని మా కెమిస్ట్రీ మేడం గూడ వచ్చింది. సర్పంచి ఆఫీసు మూసుంది. వారంల రెండు పూటలే తెరుస్తరంట."

"అయితే వచ్చెయ్యి బిడ్డా. రైలు దొరకదు మళ్ళ."

"ఇంతదూరం వచ్చినంక వచ్చెయ్యమంటరేంది? బ్రెడ్డు దుకాణపామెకు మీ కాయితం చూపెట్టిన. దుకాణం బంద్ చేసి ఆమెనే దారి చూపిస్తున్నది."

"బ్రెడ్డు దుకాణం బంద్ చేసిందా?"

"చేసింది. జర నడుస్తున్న, మళ్ళ చేస్త."

మా ఆయన అడిగాడు, ఏమంటుందని. చెప్పాను. "మంచోళ్ళున్నరు," అన్నాడు. మా మధ్య ఆ కాగితం సంగతి వచ్చి రెండేళ్ళు అయింది. అయినా ఆయన ఈ రోజు నా కళ్ళలోకి చూడలేదు.

ఇరవై నిమిషాలకు మళ్ళీ మోగింది. గాలి చప్పుడు వినిపిస్తోంది.

"అత్తమ్మ, దొరికిండు."

నేను లేచి నిలబడ్డాను.

"పేరుంది. మొగిలయ్య, సైసు. పటాలం పేరుంది. తారీఖుంది. రాసుకోండ్రి. ఫిబ్రవరి తొమ్మిది, 1915."

శ్రావణ్ రాశాడు. నేను వాడి చెయ్యి పట్టుకుని ఆపాను.

"సరిగ్గ చూడు బిడ్డా. పదిహేను గాదు, పద్దెనిమిది ఉంటది. మా తాత పద్దెనిమిది దాక ఉత్తరాలు రాసిండు."

"పదిహేనే ఉంది అత్తమ్మ."

"రాయి మీద నాచుంటది. తుడువు."

"తుడిచిన. మీ శాలువతోని తుడిచిన. ఒకటి, ఐదు. మేడం గూడ చూసింది."

"వేరే మొగిలయ్య కావచ్చు."

"సైసు మొగిలయ్య ఇంకోడు ఈడ ఎందుకుంటడు అత్తమ్మ? ఇరవై రెండేండ్లని గూడ ఉంది. బ్రెడ్డు దుకాణపామె చెప్తున్నది, ఆ చలికాలం చానమంది దగ్గుతోని పోయిండ్రంట. వాళ్ళ ముత్తవ్వ చెప్పేదంట. ఏమైంది? ఇనవడుతుందా?"

వినబడుతోంది అన్నాను. రైలు టైముకు స్టేషన్‌కు పొమ్మన్నాను. ఫోను శ్రావణ్‌కు ఇచ్చేశాను. వాడి ఫోనులోకి ఫోటో వచ్చింది. అంకెలు నాకు చదవడం వచ్చు. పదిహేనే.

మా అమ్మ పుట్టింది ఆ యేడు ఫాల్గుణంలో. ఉగాదికి పది రోజుల ముందు. ఆ లెక్కన తాత పోయి అప్పటికి నెల.

శ్రావణ్ ఆ ఫోటోను వాళ్ళ నాయనకు చూపించాడు. ఆయన చూసి అన్నాడు.

"కబురొచ్చే ఉంటది పద్మా. పటాలమోళ్ళు చెప్పకుండ ఉండరు. మీ ముత్తాత గూడ నా లెక్కనే. గుమ్మంల నిలవడి చింపిండు."

"నువ్వు చింపి చెప్పినవ్. ఆయన చింపి చెప్పలే."

"ఇంట్ల పదిహేడేండ్ల పిల్ల, నిండు గర్భిణి. ఎట్ల చెప్తడు?"

"బిడ్డ పుట్టినంక?"

"బాలింత."

"మూడేండ్లు బాలింతనే ఉంటరా?"

ఎల్లేశం ఏదో ఒక పాత కాగితం పట్టుకుని మున్షీ ఇంటికి నడిచి ఉంటాడు. ఇద్దరూ కలిసి ఏం చదవాలో అనుకుని ఉంటారు. మున్షీ బొల్లారం దాటి ఎరుగడు. ఆయనకు తెలిసిన ఊళ్ళో చింతచెట్టు ఉంటుంది, చెరువు అలుగు పోస్తుంది, దొరసాని పాలు పంపిస్తుంది. ఆ ఊరినే చదివాడు. ఆ ఊరి కోసం నేను నలభై ఏళ్ళు పరాసు దేశం పుస్తకాలన్నీ తిరగేశాను. పుస్తకాల మీదే అనుమానపడ్డాను.

ఎల్లేశం మీద కోపం రావాలని చూశాను. రాలేదు. భయం వచ్చింది. అది ఎందుకో ఆ పూట తెలియలేదు. మర్నాడు గుడి అయ్యగారి దగ్గరికి పోయినప్పుడు తెలిసింది. ఆయన పాత పంచాంగాలు చూసి ఆనంద నామ సంవత్సరం, మాఘ బహుళ ఏకాదశి అని కాగితం మీద రాసిచ్చారు. సంతోషించారు కూడా.

"అమావాస్య నాడు ఇగ నిక్షేపంగ ఇయ్యొచ్చమ్మా. వచ్చే మాఘంల ఆ తిథికి గూడ ఇయ్యొచ్చు. అయితే మీ అమ్మమ్మకు నవమికి ఇచ్చుడు ఇగ బంద్ చెయ్యాలె."

"ఎందుకు?"

"ముత్తైదువగ పోయినోళ్ళకే నవమి. ఆమె భర్త పోయిన యాభై ఏండ్లకు పోయింది కదమ్మా. తిథి తెల్వనప్పుడు నడిచింది. తెలిసినంక ఎట్ల నడుస్తది?"

ఇంటికి ఎలా నడిచి వచ్చానో గుర్తు లేదు. నాకు కావలసింది ఒక్క తారీఖు అనుకుంటూ వచ్చాను. ఆ తారీఖు దొరికింది గనుక ఇప్పుడు మా అమ్మమ్మ పదిహేడేళ్ళ నాటి నుంచి విధవ. బొట్టు పెట్టుకున్న యాభై ఒక్క ఏళ్ళూ తప్పు. పెళ్ళిళ్ళలో ఆమె చేత కట్టించుకున్న తోరాలు, ఆమె చేత పెట్టించుకున్న పసుపు, అన్నీ తప్పు. ఈ పని చేసింది నేను. ఉత్తరాలు రాయించి, కోడలిని దేశాలు దాటించి, రాయి తుడిపించి మరీ చేశాను.

మాధురి బుధవారం నాడు వచ్చింది. ఆటో చప్పుడు విని గేటు దాకా పోయి, ఆమె భుజాలు, చేతులు తడిమి చూశాను. చిక్కిపోలేదు. సూట్‌కేసు తెరవకముందే నవమి సంగతి చెప్పాను.

"ఇంతేనా?" అంది. "ఇంట్ల ఎవరికన్న పానం బాగలేదనుకున్న మీ మొకం చూసి."

"ఇంతేనా అంటవేంది?"

"అమ్మమ్మకు ఎవరన్న చెప్పిండ్రా అత్తమ్మ, ఆయన పోయిండని?"

"లేదు."

"చెప్పని చావుకు ఆమె బొట్టెట్ల తీస్తది? తప్పుంటే మీ ముత్తాతది, ఆ మున్షీది. ఆమెది ఎట్లయితది?"

"శాస్త్రం గట్ల ఊకోదు బిడ్డా."

"శాస్త్రం సంగతి అయ్యగారికి ఇడ్సిపెట్టండ్రి. నవమికి కమలక్కను పిలుస్తరా లేదా, అది చెప్పండ్రి. రవికె గుడ్డ నేను తెస్త."

లెక్కల టీచరు. మెట్టు మెట్టుగా అడుగుతుంది. నవమికి ఇంకా వారం ఉంది. ఆ వారం రోజులూ ఎటూ తేల్చుకోలేకపోయాను. పొద్దున పిలవాలనుకునేదాన్ని, సాయంత్రానికి భయమేసేది. అమ్మమ్మ నోరు తెరిచి అడిగిన మాట ఒక్కటే, తారీఖు తెలిస్తే తాతకు బియ్యం ఇమ్మని. తెలిస్తే తన బొట్టు ఏమవుతుందో ఆమె ఆలోచించలేదా? ఆలోచించే ఉంటుంది. ఏళ్ళ తరబడి నా పక్కన పడుకుని ఉత్తరాలు చెప్పిన మనిషి. చింతచెట్టు పరాసు దేశంలో ఉండదని ఆమెకు ఎవరూ చెప్పి ఉండకపోవచ్చు. కానీ యుద్ధంలో ఉన్నవాడు ఒక్కసారైనా చచ్చిన గుర్రం మాట రాయకుండా ఉంటాడా అని ఆమెకు తోచి ఉండదా? తోచినా నాకు చెప్పలేదు. ఆమెకు తెలుసో తెలియదో నాకు ఇప్పటికీ తెలియదు.

నవమి నాడు పొద్దున్నే తలస్నానం చేసి ఎదురింటికి పోయాను.

"కమలా, ఇయ్యాల మా ఇంటికి రావాలె బిడ్డా. ఎప్పటి లెక్కనే."

"నేనే అడుగుదామనుకున్న పెద్దమ్మా, ఈ యేడు పిలువలేదేందని. ఇంకొకామెను మాట్లాడుకున్నవేమో అనుకున్న."

"నీ అంత పసుపు ఎవరు పట్టిచ్చుకుంటరు?"

కమల వచ్చింది. పీట మీద కూర్చోబెట్టి కాళ్ళకు పసుపు రాశాను. గాజులు ఇచ్చాను. మాధురి తెచ్చిన రవికె గుడ్డ, తాంబూలం కొంగులో పెట్టాను. కురుమమ్మ పేరు చెప్పి దండం పెట్టాను. తప్పు చేస్తున్నానేమోనని ఆ పూటంతా ఆకాశం వైపు, గ్యాసు పొయ్యి వైపు చూస్తూనే ఉన్నాను. ఏమీ కాలేదు. కమల రెండుసార్లు పాయసం వేయించుకుంది.

పెత్తరమాస నాడు అయ్యగారు వచ్చారు. నవమి సంగతి ఆయనకు ముందే తెలిసినట్టుంది. అడగలేదు. వరండాలో విస్తర్లు పరిచి బియ్యం, పప్పు, సొరకాయ, గుమ్మడికాయ ముక్క సర్దాము. మా ఆయన కొత్త తువ్వాలు కట్టుకుని పీట మీద కూర్చున్నాడు. ముందు ఆయన తండ్రి, తాత, ముత్తాతల పేర్లు అయ్యాయి. తరువాత నా తల్లిదండ్రుల పేర్లు.

"ఇంకెవరున్నరు?" అని అయ్యగారు అడిగారు.

మా ఆయన నా వైపు చూశాడు. పేరు ఆయన చెప్పాలి, వదిలే నీళ్ళు ఆయన వదలాలి. కానీ ఆయన చెంబు పట్టుకుని ఆగాడు.

"నువ్వే చెప్పు," అన్నాడు. "నేను చెప్తే మళ్ళ తప్పయితది."

చెప్పాను. మా తాత మొగిలయ్య 1914 సెప్టెంబరులో గుర్రాల వెంట బొల్లారం నుంచి పోయాడు. 1915 ఫిబ్రవరి తొమ్మిది, మంగళవారం నాడు ఓబ్రికూర్‌లో చనిపోయాడు. తిరిగి రాలేదు.